రెండో గిటారు

మొన్న నర్సీపట్నం నుంచి వచ్చిన బెల్లం వ్యాపారి ఒకాయన బస్సు కోసం మా అరుగు మీద కూర్చున్నాడు. ఎండ గురించీ బెల్లం గురించీ మాట్లాడుతూ మధ్యలో, "మా ఊరి రంగం బట్లరు పోనాడండి. మీకు తెలుసేటి?" అన్నాడు.

తెలుసన్నాను. ఎప్పుడని అడిగాను.

"నెల్లాళ్ళయిపోనాదండి. ముసిలోడైపోనాడు కదేటి," అని మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. బస్సు వచ్చింది, వెళ్ళిపోయాడు.

నేను మాత్రం ఆ రోజంతా ఏ పనీ చెయ్యలేకపోయాను. తెలుసు అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవడం అన్యాయమనిపించింది. అందుకని ఇది రాస్తున్నాను. ఆయన పేరు రాయను. నాకు తెలిసి ఆయన్ని పేరు పెట్టి పిలిచింది చర్చిలో పాదిరిగారొక్కరే. రంగూన్‌ని మా వైపు రంగం అంటారు. అక్కడ చాలా ఏళ్ళుండి వచ్చాడు కాబట్టి నర్సీపట్నంలో అందరికీ రంగం బట్లరే.

ఇప్పుడు ఆయన, ఆయన అని రాస్తున్నాను గాని, అప్పట్లో నువ్వు అనేవాణ్ణి. నాకు ఇరవై నాలుగేళ్ళు, ఆయనకి నలభై దాటాయి. నేను బోర్డు స్కూల్లో మేష్టర్ని, ఆయన ట్రావెలర్సు బంగళాలో వంటా వడ్డనా చేసే బట్లరు. అందుకని నేను నువ్వు, ఆయన తమరు. అది తప్పని ఎవరికీ తోచలేదు. నాకు అసలే తోచలేదు.

మన్యంలో గొడవలు సద్దుమణిగి, పటాలం ఊరు ఖాళీ చేసి వెళ్ళిన నాలుగైదేళ్ళకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చి బంగళాలో దిగాడు. హాజరుపట్టీలు పట్టుకుని నేను వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు భోంచేసి పడుకున్నాడు. వరండాలో కూర్చుని ఈగలు తోలుకుంటుంటే వంటింటి వెనక నుంచి తీగల చప్పుడు వినిపించింది. వీణ కాదు. పాట నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా పక్కకి జారిపోతోంది, పోయిందనుకునేలోగా మళ్ళీ వచ్చి కలుస్తోంది. వెళ్ళి చూశాను. బోర్లించిన గంగాళం మీద కూర్చుని ఒక మనిషి, అరగదీసిన కొబ్బరిచిప్ప ముక్కతో వాయిస్తున్నాడు. నన్ను చూడగానే లేచి, దొంగతనంగా చుట్ట కాల్చేవాడిలాగ దాన్ని వీపు వెనక దాచేశాడు.

"కాఫీ ఏటైనా కావాలేటండి తమరికి?"

"ఆ వెనక ఏమిటి?"

"గిటారండి."

"వాయించినదేమిటి?"

"జాజ్ అండి."

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. "జాజిపూల పాటా?" అన్నాను.

కాసేపు నిజంగానే ఆలోచించాడు. "పూలు నేవండి. ఉత్త జాజేనండి," అన్నాడు.

అదెలాంటి సంగీతమో చెప్పమంటే, ఆయన చెప్పింది ఇది: "పాట దారమ్మట ఎల్తాదండి. ఎల్తా ఎల్తా ఆ పక్కనేటున్నాదో సూసొస్తానంటాది. ఎల్నిచ్చీడమే. రెండోవోడు మాత్రం దారొగ్గకూడదండి. ఆడొగ్గీసేడంటే ఇద్దరూ తప్పిపోతారు."

చిన్నప్పుడు విజయనగరంలో మా అత్త ఇంట్లో ఉండి నాలుగేళ్ళు వీణ నేర్చుకుని, సగంలో మానేసినవాణ్ణి నేను. చెయ్యి ఊరుకోలేదు. ఒకసారి ఇమ్మన్నాను. ఇచ్చే ముందు నా ఎడమచేతి వేళ్ళు తిప్పి చూశాడు. వీణ తీగల కాయలు అప్పటికింకా పూర్తిగా పోలేదు.

"ఆదోరం రండి. మూడు కార్డులిస్తాను. మూడొస్తే సాలండి, పనైపోద్ది."

రంగంలో చుట్టాలెవరికో ఉత్తరాలు రాయించుకోవాలి కాబోలనుకున్నాను. ఆదివారం కలమూ సిరాబుడ్డీ పట్టుకుని మరీ వెళ్ళాను. కార్డు అంటే నాలుగైదు తీగలు ఒక్కసారి నొక్కి మీటడమని అప్పుడు తెలిసింది. ఆ సిరాబుడ్డి సంగతి నేను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నన్ను ఏడిపించడానికి వాడుకున్నాడు. నాకు సరిగ్గా రానప్పుడల్లా, "పోనీ రాసిచ్చీమంటారేటండి?" అనేవాడు.

ఆయన దగ్గర రెండు గిటార్లుండేవి. ఒకటి సొంతం. రెండోది, మీద గీతలు పడ్డది, ఓడ ఉద్యోగం దొరికి వెళ్ళిపోతూ ఒక గోవా మనిషి వదిలేసి పోయినది. ఆ గోవా మనిషీ ఈయనా రంగంలో ఒక పెద్ద హోటల్లో సాయంత్రాలు జంటగా వాయించేవారు. పాట ఎత్తుకునేది గోవా మనిషి, కింద కార్డులతో నడక వేసేది ఈయన. ఫిడేలు వాయించేవాడు వచ్చాక గోవా మనిషి కాసేపు వాయించి, "యూ సార్!" అనేవాడట. ఫిడేలతను పాట అందుకునేవాడు. ఈయన వైపు తిరిగి ఆ మాట ఎప్పుడూ అనలేదు.

"ఏడేళ్ళండి," అన్నాడు ఒకరోజు బంగాళదుంపలు చెక్కు తీస్తూ. "ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడని పక్కనే కూకున్నాను. ఒక్కపాలి అనీసుంటే ఆడి సొమ్మేటి పోద్దండి? ఒక్కపాలి, జాజ్ తెలిసినోళ్ళ ముందర, పాట నానెత్తుకోవాలండి. ఆ తరవాత మానీమన్నా మానీస్తాను."

ఫిర్యాదులా చెప్పలేదు. కూరలో ఏం తక్కువైందో చెప్పినట్టు చెప్పాడు. ఆయనకున్న కోరిక అదొక్కటేనని నాకు అర్థమైంది.

నాకు మాత్రం ఆయన అలా చెయ్యలేదు. తన పక్కన కూర్చున్నవాణ్ణి వంతు లేకుండా ఉంచనన్నాడు. పాట తను ఎత్తుకుని, రెండుసార్లు తిప్పి, వరస పూర్తవుతుండగా "తమరు!" అనేవాడు. మొదటిసారి అలా అంటే నేను వాయించడం ఆపి, "ఏం కావాలి?" అన్నాను.

"ఏటీ అక్కర్నేదండి. తీసుకోండి. తమరంటే తమరి వొంతు వొచ్చీసిందని."

యూ సార్ అన్న మాటని ఆయన తెలుగులోకి అలా మార్చుకున్నాడు. అందుకోవడానికి నేను తడుముకుంటే కోపం వచ్చేది. "పిలిసిన ఎంటనే అందుకోవాలండి. కింద పడిపోతే మరి తీసి కడుక్కోడానికి ఇదేటి బంగాళదుంపా?"

నాకు వీణ అలవాటు కొద్దీ తీగని పక్కకి లాగబోతే, "లాగకండి బాబూ, ఏడుస్తాది," అనేవాడు. మర్నాడు వెళితే తనే చాటుగా లాగి చూసుకుంటూ ఉండేవాడు. బంగళా సామాన్లలో ఒక గాజుగ్లాసు ఉండేది. చెంచాతో కొడితే దాని శ్రుతి సరిగ్గా ఉంటుందని రెండు గిటార్లూ దానికే కలిపేవాడు. ఎంత పెద్ద దొర వచ్చినా ఆ గ్లాసులో నీళ్ళు పొయ్యలేదు. కుడిచేతి బొటనవేలి గోరు పెంచేవాడు. దొరల్లో ఒకరెవరో కోప్పడ్డారట, వంటవాడికి గోళ్ళేమిటని. కత్తిరించేసి కొబ్బరిచిప్పతో సరిపెట్టుకున్నాడు. చర్చిలో వాయిస్తానంటే పాదిరిగారు ఒక్క ఆదివారం ఒప్పుకున్నారు. ఆడవాళ్ళ వైపు కాళ్ళు ఊగుతున్నాయని రెండో ఆదివారం వద్దన్నారు. "ఊగితే ప్రభువుకేటి కష్టమండి?" అని నన్నడిగాడు.

అలా ఏడాది గడిచింది. ఒక రోడ్ల ఇంజనీరు దొర నెలకోసారి వచ్చి బంగళాలో దిగేవాడు. పొద్దున్న గడ్డం గీసుకుంటూ గ్రామఫోను పెట్టుకునేవాడు. అందులో ఒక ప్లేటు రెండు గిటార్ల జాజ్. వేణ్ణీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఈయన వినేవాడు. మూడు మజిలీలకి మొత్తం పట్టేశాడు. దాని అసలు పేరేమిటో మాకు తెలీదు. మేం దాన్ని గడ్డం పాట అనుకునేవాళ్ళం.

మూడోసారి దొర అద్దంలో చూశాడట, బట్లరు వేళ్ళు చెంబు మీద సరిగ్గా పడుతున్నాయి. సంగతి అడిగి తెలుసుకుని నవ్వాడు. వచ్చే నెల వాల్తేరు నుంచి స్నేహితులొస్తారు, వాళ్ళకీ ఇదంటే ఇష్టం, మధ్యాహ్నం భోజనాల దగ్గర వాయించు చూద్దాం అన్నాడు.

ఆ నెల్లాళ్ళూ ఆయన నా ప్రాణం తీశాడు. పాట ఆయనది, నడక నాది, మధ్యలో ఒక చుట్టు నాకు. స్కూలు వదిలీ వదలగానే బేగి వచ్చీమని కబురు. వాయిస్తుంటే వడ్డించేదెవరని అడిగితే, బంగళా కావలివాడికి నేర్పుతున్నానన్నాడు. ఆ కావలివాడు యాభయ్యేళ్ళ మనిషి, పుట్టి బుద్ధెరిగి సూపు చూడలేదు. పళ్ళేలలో నీళ్ళు పోసి, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించేవాడు. మేం వాయిస్తుంటే అతను నీళ్ళు మోసేవాడు.

మా హెడ్మాష్టరుకి ఈ సంగతి తెలిసి పిలిచారు. "బట్లరు పక్కన కుర్చీ వేసుకుని, దొరల ముందు వాయిస్తావుటయ్యా? బోర్డు ప్రెసిడెంటుగారినీ భోజనానికి పిలిచారట. చూసుకో మరి," అన్నారు. నేను వాయిస్తానన్నాను. అలా అన్నందుకు నా మీద నాకు చాలా గౌరవం కలిగింది. ఆ గౌరవమే తర్వాత కొంప ముంచింది.

ఆ రోజు దొరల కార్లు నక్కపల్లి దగ్గర ట్రంకు రోడ్డు దిగి పదకొండింటికల్లా వచ్చేశాయి. దొర, దొరసాని, ఇద్దరు స్నేహితులు, బల్ల చివర మా ప్రెసిడెంటుగారు. వరండా మూలలో స్తంభం పక్కన స్కూలు నుంచి తెచ్చిన రెండు కుర్చీలు వేశాం. ఆయన ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకుని కూర్చున్నాడు. బట్లరయ్యాక దొర ముందు కుర్చీలో కూర్చోవడం ఆయనకి అదే మొదటిసారి అనుకుంటాను. కుర్చీ అంచు మీదే కూర్చున్నాడు.

పాట ఇంకా ఎత్తుకోలేదు. కావలివాడు మొదటి సూపు పళ్ళెం తెచ్చి దొరసాని ముందు పెట్టాడు. నెల్లాళ్ళూ నీళ్ళతో నేర్పినప్పుడు నీళ్ళు ఒలకకూడదన్నదొక్కటే చూశారు. బొటనవేలు ఎక్కడుందో ఎవరూ చూడలేదు. సూపులో కణుపుదాకా ములిగిపోయి ఉంది. వేడికి అతను ఓర్చుకుంటున్నాడు గాని తియ్యలేదు. దొరసాని కుర్చీ వెనక్కి జరుపుకుంది.

దొర కేకలేమీ వెయ్యలేదు. "బట్లర్, నువ్వు వడ్డించు. మేష్టరు వాయిస్తారు," అన్నాడు, అంతే.

"యస్ సార్," అని ఆయన లేచాడు. గిటారు గోడకి చేర్చాడు. నడికట్టు బిగించుకుని, నా వైపు ఒకసారి చూసి లోపలికెళ్ళాడు.

అప్పుడు నేనొక నిర్ణయం తీసుకున్నాను. ఆయన చోటు ఆయనదే, పాట నేను ముట్టుకోను. ఏడేళ్ళు ఎదురుచూసిన మనిషి పాటని, సమయం చూసి నేను కాజేస్తానా? నడక ఒక్కటే వేస్తూ కూర్చున్నాను. మూడు కార్డులు, మళ్ళీ ఆ మూడు కార్డులు. పాట ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేశాను. ఎంత గొప్ప పని చేస్తున్నానో అనుకున్నాను.

ఆయన చేప తెచ్చాడు. ప్రెసిడెంటుగారి భుజం దగ్గర వంగి, "తమరు" అన్నాడు. ప్రెసిడెంటుగారు చేప ముక్క వేసుకున్నారు. కోడి తెచ్చాడు. దొరసాని పక్కన వంగి మళ్ళీ "తమరు" అన్నాడు, ఇంకొంచెం గట్టిగా. ఆవిడకి తెలుగు ముక్క రాదు, ఆయన దొరలతో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడతాడు. ఈ మాత్రం నా బుర్రకి తట్టలేదు. చివరికి పుడ్డింగు గిన్నె పట్టుకుని, బల్ల దగ్గరికి వెళ్ళాల్సినవాడు తిన్నగా నా ముందుకొచ్చి నిలబడి, "తమరు!" అన్నాడు.

నన్నూ తినమంటున్నాడనుకున్నాను. వద్దని తల అడ్డంగా ఊపాను.

ఒక్క క్షణం అలాగే నిలబడి, గిన్నె బల్ల దగ్గరికి తీసుకుపోయాడు. దొర స్నేహితుడితో ఏదో అని నవ్వి, మర్యాదగానే నన్ను చాలించమని చెయ్యి ఊపాడు. గ్రామఫోను తెప్పించి తనే తిప్పాడు. గడ్డం పాట మొదలైంది. ఆ పాట వింటూ ఆయన అందరికీ కాఫీలిచ్చాడు.

కార్లు వెళ్ళాక వంటింటి వెనక్కి వెళ్ళాను. నన్ను మెచ్చుకుంటాడనే వెళ్ళాను, దాచడం దేనికి? పళ్ళేలు కడుగుతున్నాడు.

"నీ చోటు నేను ముట్టుకోలేదు, చూశావా?" అన్నాను.

తలెత్తలేదు. "మూడుపాలిలు పిలిసేను," అన్నాడు.

"ఎప్పుడు?"

"సేప కాడ పిలిసేను. కోడి కాడ పిలిసేను. పుడ్డింగు కాడ నీ మొకం మీదకొచ్చి మరీ పిలిసేను. తల అడ్డంగా తిప్పీసేవు."

నీ మొకం, తిప్పీసేవు. ఆయన నన్ను ఏకవచనంలో అనడం అదే మొదలు. "నీ పాట కదా అని, నీ కోసమే ఊరుకున్నాను," అన్నాను.

పళ్ళెం కింద పెట్టి లేచాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నా పాటేటి? నెల్లాళ్ళు ఇద్దరం కూకుని కట్టుకున్నాం కాదా? నా సేతుల్లో పళ్ళేలున్నాయి. నీ సేతుల్లో గిటారున్నాది. ఎవులెత్తుకుంటే ఏటి? ఆ దొర ఇనాల. ఈ ఊళ్ళో ఇద్దరు మనుషులు ఇది వాయిస్తారని ఆడికి తెలవాల. తెలవనేదు. పెట్టి తిప్పీసుకున్నాడు." మళ్ళీ పళ్ళెం అందుకుని, "నా కోసం ఊరుకున్నావా! ఊరుకోడం నాకు ఏడేళ్ళ బట్టీ వొచ్చు. దానికి మేస్టారెందుకు?" అన్నాడు.

తప్పులు చాలా చేశాను జీవితంలో. మంచిపని అనుకుని చేసినదానికి అంత సిగ్గుపడింది మాత్రం అప్పుడే. ఆయనకి పంతమే ఉందనుకున్నాను. పక్కవాడికి ఇచ్చెయ్యగల మనసు ఉందని, ఏడాదిపాటు ప్రతి ఆదివారం నాకిస్తూ ఉన్నా, గమనించలేదు.

ఆ దొర మళ్ళీ రాలేదు, ఇంకో డివిజనుకి వెళ్ళిపోయాడని విన్నాం. ఇంకో రెండేళ్ళకి నాకు పాయకరావుపేట స్కూలుకి బదిలీ అయింది. అప్పటిదాకా మేమిద్దరం వాయిస్తూనే ఉన్నాం. పెద్దమనుషుల ముందు తప్ప నన్ను ఆయన నువ్వే అన్నాడు. నాకది బాగానే ఉండేది. జాజ్ తెలిసినవాళ్ళెవరూ ఆ బంగళాకి మరి రాలేదు. కాని ఆ దొరల భోజనాలైన తర్వాతి ఆదివారం సంగతి ఒకటి చెప్పాలి.

వెళ్ళాలా వద్దా అని పొద్దుటి నుంచీ తన్నుకుని, మూడు గంటలకి వెళ్ళాను. కావలివాడు పెరట్లో కట్టెలు కొడుతున్నాడు, బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఆయన ఏమీ జరగనట్టే రెండు గిటార్లూ శ్రుతి చేశాడు. తన గిటారు నా ఒళ్ళో పెట్టి, గీతలు పడ్డది తను తీసుకున్నాడు.

"పాట నువ్వెత్తుకో. నడక నాను ఏస్తాను. రెండు సుట్లయ్యేక పిలు."

"పిలవడమంటే?"

"నాకు వొంతు రావద్దేటి?"

ఎత్తుకున్నాను. ఆయన నడక కింద ఉంటే నాలాంటివాడికి కూడా పాట దానంతటదే వచ్చింది. ఒక చుట్టు అయింది. రెండోది అవుతోంది. ఇంక పిలవాలి. నువ్వు అన్నా సరిపోతుంది, అందుకుంటాడు. బోర్డు స్కూలు మేష్టరు, బంగళా బట్లరుతో అంతకన్న అనక్కర్లేదు, పెరట్లో కావలివాడు కూడా వింటున్నాడు. చుట్టు అయిపోవచ్చింది.

"తమరు!" అన్నాను.

మొదట నాకొక్కడికే వినపడేలా వచ్చింది. మళ్ళీ గట్టిగా అన్నాను. కట్టెలు కొట్టే చప్పుడు ఆగిపోయింది. ఆయన నా వైపు చూడను కూడా లేదు. వేలు తీగ మీద పడ్డది పడ్డట్టే పాట అందుకున్నాడు. ఎటెటో వెళ్ళాడు, చర్చిపాట లాంటిదొకటి తగిలింది, నన్ను లాగొద్దన్న తీగనే తను లాగాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. చుట్టు మీద చుట్టు అయింది. ఆ పూట నన్ను తిరిగి పిలవలేదు. పిలవకపోతే బాగుండునని నడక వేస్తూ కూర్చున్నాను.